అడగకుండా చేసిన మేలు

"ఆ తేడా మా ఆవిడ కావాలనే పెట్టిందండీ," అన్నాడు భర్త ఫోన్లో. అని ఊరుకోలేదు, నవ్వాడు కూడా.

అతని రెండు చేతులకీ జిగురు. ప్లాస్టిక్ పెట్టెల మీద లేబుళ్ళు అంటిస్తుండగా ఫోను మోగితే మోచేత్తో నొక్కి స్పీకరు పెట్టాడు. దాంతో ఎక్కడో దూరాన సర్క్యూట్ బోర్డులు చేసే కంపెనీ అమ్మాయి గొంతు సోఫాలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారికీ, వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకు నిలబడ్డ చిన్నకోడలికీ, అప్పుడే వాకిట్లో చెప్పులు విడుస్తున్న బావగారికీ సమానంగా వినబడింది.

"కావాలనా? అయితే ఇది మాకు పరీక్షా సార్?" ఆ అమ్మాయి కూడా నవ్వింది. "డ్రాయింగులో స్క్రూ కన్నం ఒక సైజు, ఫైల్లో ఇంకో సైజు. మా వాళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఏది నిజమో మీరు చెప్పేదాకా నమూనా బోర్డు మొదలుపెట్టేది లేదని మా ఇన్‌స్పెక్టరు అడ్డం పడుకున్నాడు. మరి పాసయ్యామా?"

"పాసే పాసు! ముగ్గురికి పంపిస్తే అడిగింది మీరొక్కళ్ళే."

చిన్నకోడలు కళ్ళతో సైగ చేసింది. చెయ్యి ఊపింది. చేతిలో గిన్నె ఊపింది. భర్త లేబులు వంకరపోతోందని దాన్నే చూస్తున్నాడు.

"పెద్ద బోర్డుల ఫైలు కూడా ఈ సాయంత్రంలోగా పంపించెయ్యండి సార్. ఇవాళ దాటితే మళ్ళీ వచ్చే విడతే. అప్పుడు మీ ఆసుపత్రి వాళ్ళ గడువుకి అందవు."

ఫోను ఆగిపోయింది. బావగారి ఒక కాలు గడప లోపల ఉంది. రెండో కాలికి చెప్పు ఇంకా ఉంది.

"ముగ్గురంటే..." అన్నారాయన నెమ్మదిగా. "ఒకళ్ళు ఈ అమ్మాయి వాళ్ళు. ఇంకొకళ్ళు ఆ చవక కంపెనీ. మూడోవాణ్ణి నేనేనా?"

భర్త బొటనవేలికి అంటుకున్న లేబులు ఎంత విదిలించినా రాలేదు.

"నాకూ ఆ తప్పు ఫైలే పంపించావా ఇంజనీరమ్మా?"

ఆ పిలుపు ఆయన పెట్టిందే. పెళ్ళయి వచ్చిన కొత్తలో మురిపెంగా పిలిచారు. ఇవాళ అందులో మురిపెం లేదు.

"పంపించాను బావగారూ."

"తెలిసే?"

"తెలిసే."

ఆయన లోపలికి వచ్చి, చంకలోని పాత గుడ్డ మూట విప్పి, అరచేతి వెడల్పు నమూనా సర్క్యూట్ బోర్డు ఒకటి సోల్డరింగ్ బల్ల మీద పెట్టారు. ఆకుపచ్చగా, అంచులు నున్నగా, చూడ ముచ్చటగా ఉంది.

"ఒరే, ఇది నీ పెట్టెలో పెట్టి స్క్రూ తిప్పి చూడు. దిగుతుందో లేదో."

భర్త జిగురు చేత్తోనే స్క్రూ తీసి కన్నంలో పెట్టి తిప్పాడు. ఇట్టే దిగిపోయింది.

"బ్రహ్మాండంగా సరిపోయింది అన్నయ్యా!" అతని ముఖం వెలిగింది, గొడవంతా ఆ స్క్రూతో పాటే దిగిపోయినట్టు.

"సరిపోక? నీ పెట్టెకి ఏ స్క్రూలు వాడతావో నాకు తెలీదా? డ్రాయింగులో పెద్ద కన్నం, ఫైల్లో చిన్న కన్నం. చెయ్యి జారి ఉంటుందిలే అనుకున్నాను. పెద్దదే కరెక్టని అదే వేశాను. మరి నేనెలా తప్పానో కాస్త చెప్పండి."

"నువ్వు తప్పావని ఎవరన్నారు అన్నయ్యా..."

"నువ్వే అన్నావు. ఇప్పుడే. ఆ ఫోను అమ్మాయితో."

ముగ్గురి చూపులూ చిన్నకోడలి మీదకి తిరిగాయి. ఆమె గిన్నె కింద పెట్టింది. చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ తీసుకుంది.

"మీరు వేసిన కన్నం సరైనదే బావగారూ. కానీ వేసే ముందు అడగలేదు."

"తెలిసినదాన్ని అడగడం ఎందుకు?"

"తెలుసు అనుకున్నదాన్ని."

అనకుండా ఉండాల్సిందని ఆ మాట నోట్లోంచి బయటపడుతుండగానే ఆమెకి తెలిసింది. తెలిసి ఏం లాభం? అత్తగారి చేతిలో బఠాణీ కాయ టప్పున విచ్చుకుంది.

"అమ్మాయ్," అన్నారావిడ. అత్తగారు కోపం వస్తే గొంతు పెంచరు, దించుతారు. ఎంత దించితే అంత కోపం. "తమ్ముణ్ణి చదివించడానికి వాడు బడి మానేసి బోర్డులు చేసే షెడ్డులో చేరాడు. ఇప్పుడు తల నెరిశాక నీ దగ్గర కూర్చుని పరీక్ష రాయాలా?"

"ఇది ఆయన మీద అనుమానంతో కాదత్తయ్యా..."

"ఉండు. మొదటి విడత బోర్డులన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఎవరి తప్పన్నావు? నాదే, గియ్యడంలో పొరపాటు చేశానన్నావు. ఇదిగో, ఈ సోఫాలో కూర్చునే అన్నావు. అప్పుడు వాడు నిన్ను పల్లెత్తు మాటన్నాడా?"

"అనలేదు."

"పోనీలే అమ్మా, మళ్ళీ గియ్యి, మళ్ళీ చేస్తానన్నాడు. నీ తప్పు వాడు కడుపులో పెట్టుకున్నాడు. నువ్వేమో తప్పుని ఎర వేసి వాడి కోసం మాటు వేశావు."

చిన్నకోడలు నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. ఆ మాటతో ఈ గదిలోని చూపులన్నీ తన మీంచి పక్కకి తప్పుకుంటాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. బావగారు తను చేసిన బోర్డుని గుడ్డ అంచుతో తుడుస్తున్నారు, దాని మీద లేని దుమ్ముని.

ఆమె నోరు మూసుకుంది.

"వదిలెయ్యమ్మా," అన్నారు బావగారు తల్లితో. "పెద్ద బోర్డులకి పలకలు కోసి పెట్టుకున్నాను. వీళ్ళు ఎవరికిస్తారో తేల్చుకోనీ. ఇక్కడే కూర్చుంటాను. చెప్తే విని పోతాను."

వెళ్ళి వాకిట్లో మెట్టు మీద కూర్చున్నారు, ఇంటికి వీపు పెట్టి.

*

వంటింట్లోకి భర్త వెనకాలే వచ్చాడు. కుళాయి కింద చేతులు పెట్టి రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

"జిగురుకి నీళ్ళు కాదు, నూనె," అంది చిన్నకోడలు. సీసా వంచి అతని అరచేతుల్లో కాస్త పోసింది.

"నేను కావాలని అనలేదు. నోరు జారింది."

"మీ నోరు ఎప్పుడు జారలేదు గనక."

"సరే, నన్ను తిట్టు. కానీ ఆ దూరం కంపెనీకి ఇస్తే రేపట్నించి అన్నయ్య ముఖం ఎలా చూడను?"

"ఇవ్వకపోతే ఆసుపత్రిలో పెద్ద సిస్టర్ ముఖం ఎలా చూస్తారు?"

మంచం పక్కన వేలాడే సెలైన్ సీసా ఖాళీ అవబోతుంటే గంట కొట్టి నర్సుని పిలిచే పెట్టె వాళ్ళిప్పుడు ఆసుపత్రికి చేస్తున్నది. ఆమె గీస్తుంది, అన్నయ్య బోర్డు చేస్తాడు, తను బిగిస్తాడు. ముగ్గురూ కలిసి ఇన్నాళ్ళూ వంటింటి గడియారాలూ, నీళ్ళ ట్యాంకు అలారాలూ చేసుకుంటూ వచ్చారు. అందులో ఏది పాడైనా మహా అయితే ట్యాంకు పొంగి మేడ తడుస్తుంది. ఇది అలాంటిది కాదు. ఆసుపత్రి పెద్ద సిస్టర్ తన వార్డులో కొన్ని పెట్టి చూడ్డానికి ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒకే మాటంది. నా పేషెంట్లు లేచి పారిపోలేరు, గుర్తుపెట్టుకోండి.

"కొన్ని బోర్డులే కదా," అన్నాడు భర్త చివరికి. "పెద్ద కంపెనీలు కొన్నైతే చెయ్యం అంటాయి, వేలల్లో చేయించుకోమంటాయి. అన్నయ్య ఒక్కటి కావాలన్నా చేసిచ్చాడు. ఇవాళ చెప్తే రేపిచ్చాడు."

"ఈ దూరం వాళ్ళు కూడా ఒక్కటైనా చేస్తామన్నారు. చేసిన ప్రతి బోర్డునీ తీగ తీగా పరీక్షించి పంపుతారు."

"అన్నయ్య కళ్ళతో చూస్తాడు. ఆ కళ్ళు తప్పవు."

"కళ్ళు తప్పవు. నేనన్నది కళ్ళ గురించి కాదు."

"మరి దేని గురించి? ఒక్క కారణం చెప్పు. కన్నం సరిగ్గానే వేశాడు. ఇంతకుముందు బోర్డులు పోయింది ఆయన వల్ల కూడా కాదు. నేను బయటికెళ్ళి ఆయనతో ఏమని చెప్పను? మా ఆవిడకి నీమీద నమ్మకం లేదు, ఎందుకో నాకు తెలీదు అని చెప్పనా?"

చిన్నకోడలు పొయ్యి కట్టేసింది. బియ్యం డబ్బా వెనక్కి చెయ్యి పోనిచ్చి పాత బిస్కెట్ డబ్బా ఒకటి బయటికి లాగింది. అందులో మొదటి విడత బోర్డులున్నాయి. పారేశానని ఇంట్లో అందరికీ చెప్పినవి. ఒకటి తీసి భర్త నూనె చేతిలో పెట్టి, భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి తిప్పింది.

"వెలుతురికి ఎదురుగా పట్టుకోండి. మధ్యలో వెలుతురు కనిపిస్తోందా?"

అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "లేదు."

"కనిపించాలి."

ఆ బోర్డులో ఒక సగం గోడలోంచి వచ్చే కరెంటుది. రెండో సగంలోంచి తీగలు రోగి మంచం దాకా పోతాయి. రెండు సగాలకీ మధ్య ఆమె ఒక పొడుగాటి సందు గీసింది. స్లాట్ అంటారు దాన్ని. అక్కడ బోర్డుని ఇవతలి నుంచి అవతలికి చీల్చెయ్యాలి. తేమ పట్టినా, మందు ఒలికినా, దుమ్ము పేరుకున్నా కరెంటు ఆ పక్క నుంచి ఈ పక్కకి పాకకుండా ఉండడానికి. అతని చేతిలోని బోర్డులో ఆ సందు లేదు. పలక ఏకంగా, నున్నగా, అందంగా ఉంది.

"ఎవరు మూసేశారు?" అన్నాడతను. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయి కిటికీ గట్టు పట్టుకున్నాడు.

"గీసిన దాంట్లో ఉంది. చేసిన దాంట్లో లేదు."

"మరి నీ తప్పన్నావు కదా?"

"అన్నాను."

ఆ రోజు బావగారు బోర్డులన్నీ గుడ్డలో చుట్టి తెచ్చి సోఫా అంచున కూర్చున్నారు. మన ఇంటి బోర్డు ఆసుపత్రికెక్కుతోందమ్మా అని తల్లితో నాలుగుసార్లు చెప్పారు. ఆమె బోర్డు ఎత్తి దీపం కింద పట్టుకుంది, సందు ఉండాల్సిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంటే చూసింది, తల తిప్పి ఆయన ముఖం చూసింది. నేనే తప్పు గీశాను బావగారూ అంది. అలా అనడంలో ఆయన మీద జాలి ఎంతో, ఇదిగో ఇవాళ జరుగుతున్న ఈ రభస మీద భయం ఎంతో, పాళ్ళు ఆమెకే తెలియవు.

"నాక్కూడా చెప్పలేదు," అన్నాడు భర్త. ఇప్పుడతని గొంతులో అన్నయ్య లేడు. "పక్కన కూర్చుని పెట్టెలు బిగిస్తున్నాను. నాక్కూడా."

"చెప్తే మీరు ఆయనతో పోట్లాడాలి, లేదా నాతో పాటు దాచాలి. రెండూ మీకు చేతకావు."

"దాచడం చేతకాదని ఎలా..." అని ఆగిపోయాడు. ఇంకా బొటనవేలికే ఉన్న లేబులు అతనికి కనిపించింది.

నవ్వు రావాల్సిన చోటే. ఇద్దరికీ రాలేదు.

*

"మంచినీళ్ళ గ్లాసు ఇక్కడ పెట్టనా?"

అత్తగారిచ్చిన నీళ్ళు తాగి, ఖాళీ గ్లాసుతో బావగారు వంటింటి గుమ్మంలో ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. భర్త బోర్డుని వీపు వెనక్కి పెట్టుకున్నాడు, చిన్నప్పుడు ఏదో పగలగొట్టి దాచినట్టు. ఆయన కూడా చిన్నప్పటిలాగే చెయ్యి చాచారు. తమ్ముడు ఇచ్చేశాడు.

"మొదటి విడతవి కదూ ఇవి? పారేశానన్నావు ఇంజనీరమ్మా."

ఆయన బొటనవేలితో పలక మధ్యలో పైనుంచి కిందికి రాశారు. అక్కడ ఏం లేదో ఆ వేలికి తెలుసు.

"ఇక్కడ నువ్వు స్లాట్ గీశావు. సన్నటిది. నా కట్టరు విరిగింది ఆ రోజు. కొత్తది తెప్పిస్తే ఆలస్యమయ్యేది. గాలి ఆడ్డానికి పెట్టిందేమోలే, అసలే పలక మధ్యలో చీలిస్తే పట్టు ఉండదు, మూసేస్తేనే గట్టిగా ఉంటుంది అనుకున్నాను." తల ఎత్తారు. "గాలి కోసం కాదా?"

"కాదు బావగారూ."

ఆమె చెప్పింది. కరెంటు వైపు, మంచం వైపు, మధ్యలో తేమ. చిన్న మాటల్లో, చేతులు కదపకుండా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కుళాయి సరిగ్గా కట్టలేదు, సన్నగా కారుతోంది. భర్త కట్టబోయి నూనె చేతులు జారి మళ్ళీ కట్టాడు.

"అంటే," అన్నారు బావగారు, "ఆ బోర్డులు పోయింది నీవల్ల కాదు."

"ఏమిట్రా పెద్దాడా?" అత్తగారు బఠాణీ గిన్నెతో వెనక నిలబడి ఉన్నారు. "ఎవరివల్ల అంటున్నావు?"

"నావల్లమ్మా."

అత్తగారు కోడల్ని చూశారు. సోఫాలో అన్న మాటలన్నీ ఆవిడ కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డట్టున్నాయి. గిన్నె గట్టు మీద పెట్టి, పెట్టిన చోటు నచ్చక ఇంకో చోట పెట్టారు.

"చెప్పి చావొచ్చు కదే," అన్నారు. గొంతు ఈసారి దించలేదు.

బావగారు నీళ్ళ బిందె పక్కనున్న ఎత్తుపీట మీద కూర్చున్నారు. బోర్డు ఒళ్ళో ఉంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

ఇంజనీరమ్మ అనలేదు. అదే ఆమెకి గట్టిగా తగిలింది.

"మీరు బాధపడతారని."

"ఇప్పుడు పడటం లేదనా?" ఆయన నవ్వబోయి మానుకున్నారు. "నేను అడగలేదన్నావు. ఒప్పుకున్నాను. మరి నువ్వు చెప్పలేదు. దాన్నేమంటావు?"

ఇన్నాళ్ళూ ఆమె అది తన మంచితనమనే అనుకుంది. తప్పు తన నెత్తిన వేసుకుని, ఇంట్లో ఎవరి మనసూ నొప్పించకుండా, నెమ్మదిగా, తెలివిగా పని వేరేవాళ్ళకి మార్చుకుందామనుకుంది. ఆ తెలివికి పేరే ఆ స్క్రూ కన్నం.

"ఆ మాట నాకు చెప్పి ఉంటే..." బావగారు ఆగారు. ఒళ్ళోని బోర్డుని ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశారు. చూస్తూ చూస్తూ ఆయన ముఖంలో రంగు మారిపోయింది. మాట్లాడినప్పుడు అది కోపగించుకున్న మనిషి గొంతులా లేదు.

"ఇవి నీకిచ్చాక కాపడాలాయన వచ్చాడు."

"ఏ కాపడాలాయన?" అన్నాడు భర్త.

"నీకు తెలుసురా, మోకాళ్ళ నొప్పుల మిషన్లు చేస్తాడు. కరెంటు కాపడం. ఆయన డ్రాయింగులోనూ మధ్యలో ఇలాంటి స్లాటే ఉంది. అప్పటికి కొత్త కట్టరు తెప్పించలేదు నేను. మా ఇంజనీరమ్మ బోర్డులో మూశాను, ఆవిడ ఏమీ అనలేదు, వేరే తప్పేదో చెప్పింది గానీ దీని ఊసే ఎత్తలేదు, కాబట్టి మూస్తే తేడా ఏం రాదన్నమాట అనుకున్నాను."

చిన్నకోడలు ఒక అడుగు ముందుకి వేసింది.

"మూసేశారా?"

"అన్నీ."

"అవి ఎక్కడున్నాయి?"

"బిగించేసి ఇచ్చేశాడు. నొప్పులకి చికిత్స చేసే చోటికి."

"ఆ కాపడం ఎలా పెడతారు బావగారూ? పొడిగానా?"

"తడిగుడ్డ వేసి."

అత్తగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

*

కాపడాలాయన ఫోను మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. బావగారు చెవికి ఆనించుకుని ముందుగదిలో సోల్డరింగ్ బల్ల చుట్టూ తిరుగుతున్నారు. ఆగిపోతే మళ్ళీ నొక్కుతున్నారు.

"మనమే వెళ్దాం," అంది చిన్నకోడలు. "ముందు మిషన్లు ఆపించాలి. ఆ తర్వాత మాటలు."

"నువ్వు కూడా వస్తావా?"

"రాకపోతే ఎలా?"

"ఆయనకేం చెప్పాలో నాకు తెలీదు. స్లాట్ ఎందుకో నువ్వు చెప్పినట్టు నేను చెప్పలేను."

భర్త కంప్యూటరు ముందు నిలబడ్డాడు. దూరం కంపెనీ ఆర్డరు పేజీ తెరిచే ఉంది. కిటికీలో ఎండ పసుపెక్కింది. ఇంకాసేపటికి అవతల వాళ్ళు ఇవాళ్టి ఆర్డర్లు మూసేస్తారు. అతను అన్నయ్యని చూశాడు, భార్యని చూశాడు, ఎవర్ని అడగాలో తెలియక ఇద్దరి మధ్య గోడని చూశాడు.

"మరి... ఇది?"

అడగడానికి ఇంతకన్నా చెడ్డ సమయం లేదు. అడక్కుండా ఉండడానికీ లేదు. చిన్నకోడలు పొద్దుట్నించీ తయారు చేసి పెట్టుకున్న జవాబుని ఇప్పుడు పైకి తీయలేకపోయింది. పొద్దున అది సరైన జవాబు మాత్రమే. ఇప్పుడు అంటే దెబ్బ తిని ఉన్న మనిషి మీద మరో దెబ్బ.

అలా అనుకున్నాక ఆమెకి భయం వేసింది. మొదటి విడత రోజున తన నోరు మూయించింది సరిగ్గా ఇలాంటి ఆలోచనే.

"పంపించండి," అంది. "దూరం వాళ్ళకే."

బావగారి అడుగు ఆగింది. ఫోను చెవి దగ్గరే ఉంది. తమ్ముడి వైపు చూడకుండానే తల ఊపారు. "పంపించరా. ఆవిడ చెప్పినట్టు."

భర్త కీబోర్డు ముందు కూర్చున్నాడు. "తయారుచేసేవాళ్ళకి చెప్పాల్సిందేమైనా ఉందా అని అడుగుతోంది ఇక్కడ."

"రాయండి. మధ్యలో ఉన్న స్లాట్ మూయవద్దు. ఏ అనుమానం వచ్చినా చేసే ముందు అడగండి."

అతను టైపు చేశాడు. ఆ వాక్యాలు ఎవరికి తగులుతున్నాయో అందరికీ తెలుసు. బావగారు వచ్చి తమ్ముడి భుజం మీంచి తెర మీదకి వంగారు.

"కారణం కూడా రాయించు," అన్నారు.

చిన్నకోడలు ఆయన వైపు చూసింది.

"ఎందుకు మూయకూడదో రాయించు. నీ డ్రాయింగులో గీత ఉంది గానీ అది ఎందుకో ఎక్కడా లేదు. ఉంటే నేను మూసేవాణ్ణి కాదు." మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "అక్కడ కూడా ఎవడో ఒకడికి కట్టరు విరుగుతుంది కదమ్మా."

ఆమె దగ్గరికి జరిగి, భర్త చేతులు పక్కకి తోసి, ఆ కారణం తనే టైపు చేసింది. కరెంటు వైపు, మంచం వైపు, మధ్యలో తేమ. పూర్తి చేసి ఆర్డరు పంపింది. తెర మీద అందింది అని వచ్చింది. ఎవరికీ ఊరట కలగలేదు.

సరిగ్గా అప్పుడు ఫోను ఎత్తారు.

"హలో," అంది ఎవరో ఆడమనిషి. ఆయాసపడుతూ గట్టిగా మాట్లాడుతోంది, గదిలో అందరికీ వినబడేలా.

"అమ్మా, కాపడం మిషన్లు చేసే ఆయన కావాలి. నేను ఆయనకి బోర్డులు చేసి..."

"బోర్డులు చేసినాయన మీరేనా? మీ షెడ్డుకే బయల్దేరారు ఆయన. ఒక మిషను సంచిలో వేసుకుని మరీ వెళ్ళారు. చికిత్స చేసే చోట్నించి ఫోనొచ్చింది, ఉన్నపళంగా లేచి, ఫోను కూడా ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయారు."

బావగారి చెవి దగ్గర్నుంచి ఫోను కిందికి జారుతుంటే చిన్నకోడలు అందుకుంది.

"ఏమండీ, ఆ ఫోనులో ఏం చెప్పారు? ఎవరికైనా ఏమైనా అయిందా?"

అవతల గొంతు జాగ్రత్తపడింది. "మీరెవరు?"

భర్త వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. అత్తగారు సోఫా వీపు పట్టుకుని నిలబడ్డారు. బావగారు మాత్రం చిన్నకోడలి ముఖంలోకి సూటిగా చూస్తున్నారు, ఆమె ఏం చెప్తే తనూ అదే చెప్పడానికి సిద్ధపడ్డ మనిషిలా.

"ఆ బోర్డుల్లో ఏం తేడా ఉందో తెలిసినదాన్ని," అంది చిన్నకోడలు. "ముందే తెలిసినదాన్ని. దయచేసి చెప్పండి. ఎవరికి ఏమైంది?"

అవతల ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఒక మగగొంతు, కొత్త గొంతు, విచారణకి వచ్చినవాడి తీరులో నిదానంగా అడిగింది.

"ఇప్పుడు చెప్పిన మాట మళ్ళీ ఒకసారి చెప్తారా?"